మహసీర్‌కీ పండుగప్పకీ ఒకే ఫ్లై రీల్: డ్రాగ్ చూసి కొనడం ఎలా

మీరు అడిగింది ఇది. ఉండేది హైదరాబాద్, చేతిలో 9 అడుగుల 8 వెయిట్ రాడ్ ఉంది (వెయిట్ అంటే ఆ రాడ్‌కు సరిపడే ఫ్లై లైన్ బరువు తరగతి). వారాంతాల్లో చుట్టుపక్కల చెరువుల్లో కొరమీను, వీలైనప్పుడు కోస్తా వైపు ఉప్పుటేర్లలో పండుగప్ప, ఏడాదికోసారి ఉత్తరాఖండ్ వెళ్లి రామ్‌గంగలో మహసీర్. మూడింటికీ ఒకే రీల్ కావాలి, డ్రాగ్, అంటే చేప లాగుతున్నప్పుడు లైన్‌ను పట్టి పట్టి వదిలే రీల్ బ్రేకు, నమ్మదగ్గదిగా ఉండాలి. చూసిన రెండింటిలో ఒకదాని పెట్టె మీద ‘12 కిలోల డ్రాగ్’ అని రాసి ఉంది, రెండోదాని మీద అంకే లేదు. 12 కిలోలదే తీసుకుందామని మీ ఆలోచన.

ఆ అంకె చూసి మాత్రం కొనకండి. 8 వెయిట్‌కు మీరు కట్టే టిప్పెట్, అంటే ఎరకు ముందుండే సన్నటి చివరి దారం, మామూలుగా 12 నుంచి 16 పౌండ్లు. 16 పౌండ్లంటే 7 కిలోల పావు. ముడి వేశాక అందులోనూ కొంత పోతుంది. ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ ఫ్లై రికార్డులకు ఒప్పుకునే టిప్పెట్ తరగతుల్లో అన్నిటికన్నా గట్టిదే 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు. 12 కిలోల దాకా బిగిస్తే డ్రాగ్ కదిలేలోపే టిప్పెట్ తెగుతుంది. నిజానికి రీల్ దగ్గర పెట్టుకోవాల్సిన బిగింపు టిప్పెట్ బలంలో పావు వంతు, మహా అయితే 30 శాతం. అంటే 16 పౌండ్ల టిప్పెట్‌కు, ముడిలో పోయేది కూడా లెక్కేసుకుంటే, కిలోన్నర నుంచి 2 కిలోలు. నమ్మకం కుదరకపోతే రాడ్ ఎత్తి పట్టుకుని లైన్ చివర 2 కిలోల బరువు లాగి చూడండి, ముంజేయి వణుకుతుంది. కాబట్టి మీకు కావాల్సింది 1 నుంచి 2.5 కిలోల మధ్య కుదుపు లేకుండా, ప్రతిసారీ ఒకేలా వదిలే డ్రాగ్. ఆ పరిధిలో ఎలా పనిచేస్తుందో పెట్టె మీద ఎవరూ రాయరు. మనమే కొలుచుకోవాలి.

టిప్పెట్లు ఎక్కువగా తెగేది చేప పరుగు మధ్యలో కాదు, పరుగు మొదలయ్యే క్షణంలో. ఆగి ఉన్న బీరువాను కదిలించడానికి పట్టే బలం, కదిలాక జరపడానికి పట్టే బలం కన్నా ఎక్కువ కదా, డ్రాగ్ పలకలదీ అదే తీరు. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న పలకలు విడివడడానికి అదనపు బలం కావాలి. దాన్నే స్టార్టప్ ఇనర్షియా అంటారు. కిలోన్నరకు పెట్టిన రీల్ మొదటి కదలికకే 3 కిలోలు అడిగితే, ఆ 3 కిలోలూ ఒక్కసారిగా టిప్పెట్ మీద పడతాయి. మహసీర్ ఎర అందుకున్న మరుక్షణమే ప్రవాహంలోకి తిరిగి దూసుకుపోతుంది, పండుగప్ప తల విదిలిస్తూ ఆగి ఆగి లాగుతుంది. రెండింటి విషయంలోనూ డ్రాగ్ మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవ్వాల్సిందే. పండుగప్ప అయితే ఒక్క పోరాటంలోనే ఇలా ఎన్నోసార్లు ఆపి మొదలుపెట్టిస్తుంది.

కొలవడానికి సామాన్ల బరువు చూసుకునే డిజిటల్ వేలాడే కాటా చాలు, 10 గ్రాముల తేడా చూపించేది అయితే మంచిది. రీల్‌ను రాడ్‌కు తగిలించకుండా టేబుల్ అంచుకు గుడ్డ అడ్డం పెట్టి క్లాంపుతో బిగించండి. స్పూల్‌కు (లైన్ చుట్టుకునే చక్రానికి) రెండు మూడు మీటర్ల బ్యాకింగ్, అంటే ఫ్లై లైన్ వెనక ఉండే దారం, చుట్టి, చివర లూప్ వేసి కాటా కొక్కేనికి తగిలించండి. లైన్ బయటికొచ్చే దిశలోనే తిన్నగా, నిదానంగా లాగండి. అంకె పెరుగుతూ పోతుంది, స్పూల్ చటుక్కున కదులుతుంది, అప్పుడు అంకె పడిపోతుంది. పడిపోయే ముందు చూపిన గరిష్ఠ అంకె ఒకటి, స్పూల్ తిరుగుతుండగా నిలిచిన అంకె ఇంకొకటి, రెండూ రాసుకోండి. ఫోన్‌లో వీడియో తీసుకుంటే రెండూ తప్పకుండా దొరుకుతాయి. మంచి రీల్‌లో ఆ రెండింటికీ తేడా 10–15 శాతం ఉంటుంది. 25 శాతం దాటితే ఆ రీల్ నాకొద్దు. ఇదే పని బిగించిన స్థితిలో రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చేయండి. నాసిరకం డ్రాగ్ బండారం బయటపడేది అప్పుడే. రాత్రికి రాత్రి పలకలు అతుక్కుపోతాయి.

లాగుతున్నప్పుడు అంకె నిలకడగా ఉందో, ఒక చుట్టులో ఒకసారి ఎగిరి పడుతోందో కూడా చూడండి. చుట్టుకోసారి ఎగిరిందంటే పలక వంకరగా ఉంది, లేదా ఇరుసు సరిగ్గా లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ పొడి పరీక్షలన్నీ తిప్పి పంపే గడువులోనే ముగించండి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. డ్రాగ్ ఇచ్చే మెలి బలం మారదు, కానీ లైన్ మీద పడే బలం మారుతుంది. స్పూల్ నిండుగా ఉన్నప్పుడు లైన్ చుట్ట వ్యాసార్ధం 45 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫ్లై లైన్ అంతా పోయి, బ్యాకింగ్ కూడా చాలా వరకు పోయాక అది 30కి దిగితే, డ్రాగ్ బిగించే నాబ్ ముట్టుకోకుండానే బిగింపు ఒకటిన్నర రెట్లవుతుంది. కిలోన్నర కాస్తా 2 కిలోల పావు. దానికి నీళ్లలో ఈడ్చుకుపోతున్న లైన్ బరువు, వంగిన రాడ్ గైడ్ల రాపిడి తోడు. కంగారులో చాలామంది చేసేది నాబ్ ఇంకా బిగించడం. అప్పుడు చేయాల్సింది పావు చుట్టు వదులు చేయడం. లార్జ్ ఆర్బర్ రీల్, అంటే స్పూల్ మధ్య ఇరుసు భాగం (ఆర్బర్) లావుగా ఉండే రీల్, కొనమని అందరూ చెప్పేది ఒడ్డుకు త్వరగా చుట్టుకోవచ్చని, కానీ దాని అసలు లాభం ఈ మార్పు తక్కువగా ఉండడం.

ఇక డ్రాగ్‌లో రకాలు. క్లిక్ అండ్ పాల్ అంటే పళ్ల చక్రానికి స్ప్రింగ్‌తో ఆనించిన చిన్న నాలుక. అది ఆపేది తక్కువ, స్పూల్ అదుపు తప్పి తిరిగి లైన్ చిక్కుపడకుండా చూడడమే దాని పని. తీర్థన్ లోయలోనో మున్నార్‌లోనో 4, 5 వెయిట్‌తో ట్రౌట్ పట్టేవాళ్లకు అది సరిపోతుంది, మిగతాది అరచేతిని స్పూల్ అంచుకు ఆనించి చూసుకుంటారు. మీ పనికి కాదు.

డిస్క్ డ్రాగ్‌లో పాత పద్ధతి కార్క్. పెద్ద కార్క్ పలకను అల్యూమినియం పలకకు ఒత్తిపెట్టి ఆపడం. టిబోర్, ఏబెల్ సూపర్ రకాలు ఇలాంటివే. విప్పి చూస్తే లోపల నాలుగైదు భాగాలు, అన్నీ కంటికి కనిపిస్తాయి. కార్క్ కుదింపుకు మెత్తగా స్పందిస్తుంది, అందుకే మొదలు చాలా నున్నగా ఉంటుంది. అయితే కార్క్ ఎండిపోకూడదు. తయారీదారు చెప్పిన నూనె, సంప్రదాయంగా అయితే తోలుకు పట్టించే నీట్స్‌ఫుట్ ఆయిల్, పలుచగా రాసి రాత్రంతా ఉంచి, మిగిలింది తుడిచేయాలి. ఎండిన కార్క్ గీరుకుంటూ కుదుపుతుంది. బిగించి నెలలు వదిలేస్తే అణిగిపోయి మళ్లీ లేవదు.

రెండోది కార్బన్ ఫైబర్, స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినది. చిన్న జాగాలో ఎక్కువ రాపిడి తలం దొరుకుతుంది, బిగింపు నిలకడగా ఉంటుంది. ఓర్విస్ హైడ్రోస్, హ్యాచ్ లాంటివి పేర్చిన పలకలను సీలు చేసిన డబ్బాలో పెడతాయి. హ్యాచ్‌లో కార్బన్‌కు బదులు రులాన్ అనే ప్లాస్టిక్ రకం వాడతారు. ల్యామ్సన్ రీళ్లలో పలకలకు బదులు శంకువు ఆకారపు భాగం మరో శంకువులో కూర్చుంటుంది, అదీ సీలు చేసిందే. మరీ చవక రీళ్లలో ఒక ప్లాస్టిక్ వాషర్, దాన్ని ఒత్తే స్ప్రింగ్, అంతే. డిస్క్ డ్రాగ్ అనే పేరు వాటికీ ఉంటుంది.

సీలు చేసిందా, విప్పగలిగేదా అన్నదే మీ విషయంలో అసలు తేల్చుకోవాల్సింది. తెరిచి ఉన్న డ్రాగ్‌లోకి నీళ్లు పోతే పలకల మధ్య పలుచటి నీటి పొర నిలిచి డ్రాగ్ జారుతుంది. కాసేపటికి ఆ నీళ్లు పోగానే ఒక్కసారిగా పట్టేస్తుంది. రామ్‌గంగలో నడుము లోతు నీళ్లలో నిలబడి రాడ్ దించితే రీల్ మునగక తప్పదు. ఉప్పుటేర్లలోనైతే ఉప్పు, సన్నటి బురద రెండూ లోపలికి పోతాయి. అందుకే మీకు సీలు చేసిందే నా సలహా. కానీ సీలుకూ ఒక చిక్కు ఉంది. అందులో నీళ్లను ఆపే రబ్బరు రింగు (దాన్ని ‘ఓ రింగ్’ అంటారు) పాడై నీళ్లు లోపలికి పోతే, ఆ నీళ్లు బయటికి పోయే దారి కూడా ఉండదు. లోపల తుప్పు పడుతున్నా పైకి ఏమీ తెలియదు. కొన్ని సీలు డబ్బాలను ఇంట్లో తెరవడం కుదరదు, తయారీదారుకు పంపాల్సిందే, అంటే దేశం దాటించడమే. కొనే ముందు ఆ సంస్థ డ్రాగ్ డబ్బాను మొత్తంగా విడిగా అమ్ముతుందో లేదో అడగండి. అమ్మితే రీల్‌తో పాటే ఒకటి తెప్పించుకోండి. విప్పగలిగే రకమైతే ఓ రింగులు, క్లచ్ బేరింగ్ (దాని సంగతి కింద చెబుతాను), ఒక సెట్ పలకలు తెప్పించుకోండి. విడిగా తర్వాత తెప్పిస్తే వస్తువు కన్నా రవాణా, సుంకం ఎక్కువవుతాయి.

సీలు నిజంగా సీలేనా అని చూడడానికి బకెట్ ఉంది. కిలోన్నరకు పెట్టి కాటాతో కొలిచి, రీల్‌ను 10 నిమిషాలు నీళ్లలో ముంచి, తీసి, తుడవకుండా మళ్లీ కొలవండి. అంకె ఐదో వంతు కన్నా ఎక్కువ మారితే అది సీలు కాదు. ఈ పరీక్ష మాత్రం రీల్ ఉంచుకోవాలని తేల్చుకున్నాకే.

వన్‌వే క్లచ్ గురించి ఎవరూ అడగరు కానీ, డ్రాగ్ ఉన్నట్టుండి పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అక్కడే. చుట్టేటప్పుడు స్పూల్ తేలిగ్గా తిరిగి, చేప లాగినప్పుడు మాత్రం డ్రాగ్‌కు పట్టుకునేలా చేసేది ఈ చిన్న రోలర్ బేరింగ్. లోపల సూదుల్లాంటి రోలర్లు, వాటి వెనక సన్నటి స్ప్రింగులు ఉంటాయి. ఎవరైనా మంచి చేద్దామని అందులో చిక్కటి గ్రీజు కూరితే రోలర్లు కూరుకుపోయి ఇరుసును పట్టుకోవు. నాబ్ ఎంత తిప్పినా స్పూల్ గిర్రున తిరుగుతుంది. అక్కడ ఒక్క చుక్క పలుచటి నూనె చాలు. డబ్ల్యూడీ-40 అయితే ఎక్కడా వద్దు, ఉన్న గ్రీజును కడిగేసి పలకల మీదికి పాకుతుంది. రీల్ కొనేటప్పుడు స్పూల్‌ను చుట్టే దిశలో కొంచెం తిప్పి, వెంటనే వెనక్కి లాగండి. డ్రాగ్ అందుకునే ముందు స్పూల్ ఖాళీగా కదిలితే ఆ లూజు ప్రతిసారీ లైన్ మీద జెర్కుగా పడుతుంది. మంచి క్లచ్‌లో ఆ ఖాళీ కంటికి ఆనదు.

కుడి ఎడమ మార్చుకోవడం కూడా ఈ క్లచ్‌తోనే. దాన్ని తీసి తిరగేసి పెట్టాలి. స్పిన్నింగ్ రీల్ అలవాటైన మన దగ్గర ఎక్కువమంది ఎడమ చేత్తోనే చుట్టుకుంటారు, కానీ కొన్ని రీళ్లు కుడికి అమర్చి వస్తాయి. మార్చకుండా లైన్ ఎదురు దిశలో చుట్టేస్తే చుట్టేటప్పుడు బిగుతు, చేప లాగేటప్పుడు వదులు. ‘కొత్త రీల్‌లో డ్రాగే లేదు’ అనేవాళ్లలో కొందరిది ఇదే సంగతి.

వేడి గురించి ప్రకటనల్లో చాలా రాస్తారు. లెక్క వేసి చూడండి. కిలోన్నర బిగింపుతో చేప 60 మీటర్లు లాగితే పుట్టే వేడి సుమారు 880 జౌళ్లు. 100 గ్రాముల అల్యూమినియం ఆ వేడి మొత్తం తీసుకున్నా 10 డిగ్రీలే పెరుగుతుంది. సముద్రంలో ట్యూనా పట్టేవాళ్లకు అది సమస్య, మీకు కాదు. పలక ప్లాస్టిక్ గూట్లో కూర్చున్న చవక రీల్‌లో మాత్రం వేడి అక్కడే నిలిచిపోతుంది కాబట్టి ఒకే పోరాటంలో బిగింపు మారుతూ పోతుంది.

కొరమీను కోసం మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టకండి. అది దూరం పరిగెత్తే చేప కాదు. గాలం పడగానే గుర్రపు డెక్క వేళ్లలోకో, తుంగలోకో దూరుతుంది. దాన్ని తిప్పుకునేది చేత్తో లైన్ లాగి, రీల్‌తో కాదు. ఒక్క అడుగు వదిలినా నాచులో చిక్కుకుపోతుంది. అక్కడ మీ రీల్ లైన్ దాచుకునే డబ్బా అంతే. డ్రాగ్ గట్టిగా బిగించి ఉంచండి, 20 పౌండ్ల టిప్పెట్ కట్టండి. ఇంటికి రాగానే వదులు చేయడం మర్చిపోకండి. పండుగప్పకు టిప్పెట్ ముందు 40 పౌండ్ల షాక్ లీడర్, అంటే కోతకు తట్టుకునే మందపాటి దారం, ఒక అడుగో అడుగున్నరో పెట్టండి, దాని మొప్పల అంచు కత్తిలా కోస్తుంది. షాక్ లీడర్ కట్టినా డ్రాగ్ పెట్టాల్సింది వెనకున్న టిప్పెట్ బలాన్ని బట్టే. మడ అడవుల్లో అభయారణ్యం కిందికి వచ్చే చోట్లకూ, మహసీర్ నదులకూ అటవీ శాఖ అనుమతి చూసుకునే వెళ్లండి. మహసీర్‌ను ఎలాగూ వదిలిపెట్టాలి, కాబట్టి బిగింపు మరీ వదులుగా పెట్టి గంటసేపు ఆడించడం కూడా తప్పే. అలసి సొలసిన చేప నీళ్లలోకి వెళ్లాక బతకకపోవచ్చు.

ఫ్రేమ్ సంగతి త్వరగా. కడ్డీ నుంచి కోసి చేసిన అల్యూమినియం, పోత పోసిన దానికన్నా దెబ్బకు తట్టుకుంటుంది. పోత ఫ్రేములు రాతి మీద పడితే రీల్ పాదం దగ్గర విరుగుతాయి. డ్రాగ్ మంచిదై, డబ్బు తక్కువైతే పోత ఫ్రేమ్‌తో సర్దుకోవచ్చు, ఫ్రేమ్ మంచిదై డ్రాగ్ నాసిరకమైతే మాత్రం ఒప్పుకోను. స్పూల్‌కు, ఫ్రేమ్‌కు మధ్య సందు చూడండి. 0.30 మిల్లీమీటర్ల టిప్పెట్ ముక్క అందులో దూరితే, ఒకరోజు మీ లీడర్ (ఫ్లై లైన్ చివర కట్టే దారం) కూడా దూరుతుంది. నాబ్ సున్నా నుంచి పూర్తి బిగింపుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో కూడా గమనించండి. ఒకటే చుట్టులో అంతా అయిపోతే, చేప లాగుతుండగా తడి వేళ్లతో కొంచెం తిప్పినా బిగింపు ఎక్కడికో పోతుంది. అలాంటిదే కొన్నారంటే కిలోన్నర దగ్గర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి.

బ్యాకింగ్‌కు 20 పౌండ్ల డాక్రాన్ దారం 150 నుంచి 180 మీటర్లు, దాని మీద డబ్ల్యూఎఫ్ 8 లైన్ (ముందు భాగం బరువుగా ఉండే 8 వెయిట్ ఫ్లై లైన్). నిండాక స్పూల్ అంచుకు 6 మిల్లీమీటర్లయినా ఖాళీ ఉండాలి, లేకపోతే హడావిడిలో ఒకవైపే చుట్టినప్పుడు లైన్ ఫ్రేమ్‌కు రాసుకుంటుంది. డాక్రాన్‌కు బదులు, సన్నగా ఉంటుందని జెల్‌స్పన్ అనే దారం వేసుకుంటే రెండు జాగ్రత్తలు. వదులుగా చుట్టితే పైపొర కింది పొరల్లో కోసుకుని ఇరుక్కుంటుంది, కిలో బరువు లాగుడుతో చుట్టాలి. రెండోది, నున్నటి ఆర్బర్ మీద మొత్తం చుట్టే జారి తిరుగుతుంది. నాబ్ ఎంత బిగించినా లైన్ పోతూ ఉంటే డ్రాగ్‌ను తిట్టే ముందు స్పూల్ కదులుతోందో, స్పూల్ మీద చుట్ట మాత్రమే జారుతోందో చూడండి. ముందుగా ఆర్బర్ మీద ఒక చుట్టు గుడ్డ టేపు అంటిస్తే ఈ బాధ ఉండదు.

ఈ లెక్కన మీరు చెప్పిన రెండింటిలో అంకె లేనిది సీలు చేసినదై, పైన చెప్పిన కాటా పరీక్షలో నెగ్గితే అదే తీసుకోండి. ల్యామ్సన్, ఓర్విస్ హైడ్రోస్ స్థాయి వస్తువు మీ మూడు పనులకూ సరిపోతుంది. ఏడాదికోసారి రీల్ విప్పి శుభ్రం చేసుకునే ఓపిక ఉన్నవాళ్లకైతే టిబోర్ లాంటి కార్క్ రీలే నా మొదటి మాట. కార్క్ పాడైతే మార్చుకోవడం స్క్రూడ్రైవర్ పని, ఎక్కడికీ పంపక్కర్లేదు.

ఉప్పునీళ్ల నుంచి వచ్చాక డ్రాగ్ బిగించి, పలుచటి ధారతో కడగండి. బిగించి ఉంటే పలకల మధ్యకు నీళ్లు పోవు. పైపు ఒత్తిడితో కొట్టకండి, ఉప్పు లోపలికి తోసినట్టవుతుంది. మన బోరు నీళ్లు గట్టివి, ఆరాక తెల్లటి పొర వదులుతాయి. కాబట్టి చివరిసారి కుళాయి మంచినీళ్లతోనో, ఫిల్టర్ నీళ్లతోనో తుడవండి. తర్వాత నాబ్ పూర్తిగా వదులు చేసి, స్పూల్ విడదీసి నీడలో ఆరబెట్టండి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయకండి, ఓ రింగులు గట్టిపడతాయి, ఫ్లై లైన్ పూత జిగటగా మారుతుంది.

ఇంకొకటి, అడగలేదు గానీ స్పేర్ స్పూల్ కూడా రీల్‌తో పాటే కొనండి. కొరమీనుకు తేలే లైన్, పండుగప్పకు నిదానంగా మునిగే ఇంటర్మీడియట్ లైన్ వేరువేరుగా కావాలి. మోడల్ మారిపోతే పాత రీల్‌కు సరిపోయే స్పూల్ దొరకడం కష్టం. స్పూల్ మార్చిన ప్రతిసారీ కాటాతో ఒకసారి కొలుచుకోండి. కొన్ని రీళ్లలో స్పూల్ కూర్చునే తీరును బట్టి అదే నాబ్ గుర్తు దగ్గర బిగింపు 200 గ్రాముల దాకా మారుతుంది.